ఒకే ఇంటి రెండు నామినేషన్లు

గజేందర్ తన గంజును దించి పక్క పొయ్యి మీద పెట్టాడు.

మెసయీద్ క్యాంప్ వంటగదిలో ఉన్నవాళ్లందరూ తలలు తిప్పి చూశారు. ఖతర్ వచ్చిన నాటి నుంచి ఆ బావాబామ్మర్దులది ఒకే పొయ్యి, ఒకే గంజు, ఒకే కూర. వాళ్లు వేరుగా వండుకోవడం ఎవరూ ఎరగరు.

ముత్యం ఉల్లిగడ్డ కోస్తూ తల ఎత్తలేదు.

"మంట సరిపోతలేదా బావా?"

"మంట మస్తుగున్నది. జాగనే సరిపోతలేదు."

"ఎవలకు? గంజుకా, నీకా?"

"నీకు. నా చెల్లెను ముంగట వెట్టి నా మీద గెలుద్దామని చూస్తున్న నీకు."

ముత్యం చాకు కింద పెట్టాడు. "నీ పెండ్లాంను నిలవెట్టింది నువ్వు. నన్నంటున్నవ్."

"నేను నిలవెట్టలే."

"మరి ఆకాశంల నుంచి వడ్డదా నామినేషన్?"

గంజులో పప్పు పొంగింది. ఎవరూ మూత తీయలేదు.

వాగుపేట సర్పంచ్ పదవి ఈసారి బీసీ మహిళకు రిజర్వు అయింది. ముత్యం భార్య రాణి నామినేషన్ వేసింది. అదే రోజు, అదే ఆఫీసులో గజేందర్ భార్య పుష్ప కూడా వేసింది. రాణి గజేందర్‌కు సొంత చెల్లెలు. పుష్ప ఆమెకు వదినె. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుడతారు.

ఇద్దరు మగవాళ్లకూ ఆ సంగతి ఊరి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఎదుటివాడే తెర వెనక నడిపిస్తున్నాడని ఇద్దరూ అనుకున్నారు. అప్పటి నుంచి ఇదే వరస.

"అయ్యా, మీ గొడవలో నా పొట్ట సంగతి ఎవరూ ఆలోచించట్లేదండి."

అన్నవాడు ఏసోబు. గోదావరి వైపు మనిషి. కంపెనీ బస్సు నడుపుతాడు. వాళ్ల గదిలో మూడో మంచం అతనిదే. కంచం పట్టుకుని రెండు పొయ్యిలకూ మధ్య నిలబడ్డాడు.

"ఈయన దగ్గర తింటే ఆయనకి కోపం, ఆయన దగ్గర తింటే ఈయనకి కోపం. ఇక రెండు చోట్లా తినాలి. రేపు సీటు బెల్టు పట్టదండి నాకు."

ఎవరో నవ్వారు. గజేందర్ నవ్వలేదు. గరిటెడు పప్పు తీసి ఏసోబు కంచంలో వేశాడు. ముత్యం దాని పక్కనే గరిటెడు కూర వేశాడు. అది గజేందర్ వేసినదానికన్నా కాస్త ఎక్కువే.

"అది సరేగానండీ," ఏసోబు ముద్ద కలుపుతూ అడిగాడు, "ఇద్దరూ బరిలో ఉండిపోతే ఏమవుద్ది?"

"ఏమైతది," అన్నాడు ముత్యం. "మా ఇంటి ఓట్లు రెండు ముక్కలైతయి. శేషాచలం నిమ్మలంగ గెలుస్తడు."

"ఆడవాళ్ల సీటన్నారు కదా? శేషాచలం ఎవరు?"

"పాత సర్పంచ్. తన భార్య చిన్నవ్వతోని వేయించిండు. పేరు ఆమెది, కుర్చీ ఆయనది."

"అయితే మీ ఇద్దరిలో ఎవరో ఒకళ్లు వెనక్కి తీసుకోవాలి."

"రేపు మూడు గంటల లోపల," అన్నాడు గజేందర్. మూడు రోజుల్లో అతను ముత్యం మాటను పొడిగించడం అదే మొదటిసారి. అది గుర్తొచ్చినట్టు వెంటనే గొంతు మార్చాడు. "అయినా వాళ్ల ఇంటిని నమ్మేది ఎట్ల? పోయిన ఎలక్షన్ల ఏం జరిగింది? ఇక్కడున్న వాగుపేటోళ్లందరం శుక్రవారం కూసున్నం. తిరుమల్‌కు వెయ్యాలె అనుకున్నం. ఖతర్‌ల మనతోని కష్టం జేసి వోయిన మనిషి. అందరం ఇండ్లకు ఫోన్ జేసినం. మరి తిరుమల్ ఎందుకు ఓడిండు? ఎవల ఇల్లు మాట తప్పింది?"

"నా ఇల్లంటవా?"

"నేననలే. నువ్వే అన్నవ్."

"రాణి తిరుమల్‌కే వేసింది. నాకు ఒట్టువెట్టి చెప్పింది."

"పుష్ప గూడ ఒట్టువెట్టింది."

పక్కనున్న మెస్ హాల్లో టీవీ మోగుతోంది. ఏషియా కప్‌లో ఎవరో గోల్ వేశారు. క్యాంపంతా ఒక్కసారి కేక వేసింది. వంటగదిలో మాత్రం గరిటె చప్పుడు తప్ప ఏమీ లేదు.

* * *

అన్నం తిన్నాక ముత్యం బట్టలు ఆరేసే తీగల వెనక్కి వెళ్లాడు. అక్కడ గాలి చల్లగా ఉంది. దూరంగా స్టీల్ ప్లాంట్ దీపాలు మెరుస్తున్నాయి.

ఫోన్ రెండో రింగుకే ఎత్తింది రాణి.

"తిన్నవా?"

"తిన్న. రాణీ, ఒక మాట చెప్త. ఒర్లకు, నిమ్మలంగ ఇను."

"నేనెప్పుడు ఒర్లిన? మూడు రోజుల సంది ఒర్లుతున్నది నువ్వు."

"రేపు వోయి నామినేషన్ వాపస్ తీస్కో."

అటువైపు బీడీ ఆకు కత్తిరిస్తున్న శబ్దం ఆగింది.

"ఎవలు జెప్పిన్రు?"

"నేనే చెప్తున్న."

"అన్న జెప్పమన్నడా?"

"ఆయనకు తెల్వది. తెల్వద్దు గూడ. మీ వదినెకు గూడ చెప్పకు. నీ అంతట నువ్వే తీస్కున్నట్టు ఉండాలె. ఒక పదవి కోసం ఇల్లు రెండు ముక్కలు జేసుకుంటమా? నేను ఆయనతోని ఒక గదిల వండుతున్న. ఒక బస్సుల పోతున్న. మొన్నటి సంది మొకం జూసుకుంటలేం."

ఆమె గొడవ పడుతుందని ముత్యం అన్ని జవాబులూ సిద్ధం చేసుకుని వచ్చాడు.

"మంచిది," అంది రాణి.

"మంచిదంటే?"

"మంచిదంటే మంచిది. పండుకో."

ఫోన్ పెట్టేసింది.

ఆ 'మంచిది' ముత్యానికి నచ్చలేదు. పెళ్లయిన నాటి నుంచి రాణి ఒక్క మాటతో ఏదీ ఒప్పుకోలేదు. చీర రంగు కూడా ఒప్పుకోలేదు.

గదికి వచ్చేసరికి గజేందర్ మంచం ఖాళీగా ఉంది. కాసేపటికి మెట్ల మీద నుంచి దిగి వచ్చాడు. చేతిలో ఫోన్. ముత్యం చూపు తగలగానే దాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఏంది, మ్యాచ్ చూసొచ్చినవా?" అడిగాడు ముత్యం.

"ఆఁ. మంచిగున్నది."

"ఎవలు గెలిచిన్రు?"

గజేందర్ ఒక క్షణం ఆలోచించాడు. "మనోళ్లే," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

* * *

మర్నాడు మధ్యాహ్నం స్టేడియం నీడలో గజేందర్ తన టిఫిన్ తీసుకుని వచ్చి ముత్యం పక్కనే కూర్చున్నాడు.

వాళ్ల పని అల్ వక్రా స్టేడియంలో. తెరచాపలు విప్పిన పడవలా పైకప్పు లేస్తోంది. ముత్యం కుర్చీలు బిగించే గ్యాంగులో ఉన్నాడు. గజేందర్‌ది పరంజాల పని. ఫుట్‌బాల్ అంటే ఇద్దరికీ తెలిసింది తక్కువ. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో అంతకన్నా తక్కువ తెలుసు. కానీ ఆ కప్పు పూర్తయితే చూడటానికి ఇద్దరికీ ఇష్టమే. పని బాగా కుదిరిన రోజు దాని కింద కూర్చుని తినడం ఇంకా ఇష్టం.

గజేందర్ తన డబ్బాలోంచి కోడిగుడ్డు తీసి ముత్యం అన్నం మీద పెట్టాడు.

ముత్యం దాన్ని చూశాడు. "ఏంది ఇది?"

"గుడ్డు."

"కనవడుతున్నది."

"తిను బావా."

మూడు రోజుల తర్వాత వినబడిన 'బావా' అది. ముత్యం గుడ్డును రెండు ముక్కలు చేసి ఒకటి వెనక్కి ఇచ్చాడు. ఇద్దరూ తిన్నారు. చల్లటి గాలి, వెచ్చటి ఎండ. ఇద్దరికీ ఒక్కసారిగా ఆకలి పెరిగింది.

"ఇగ లొల్లి లేదు," అన్నాడు గజేందర్. "నేనొక పని జేసిన. నువ్వు ఖుష్ అయితవ్."

"నేను గూడ ఒకటి జేసిన," అన్నాడు ముత్యం నవ్వుతూ. "నువ్వే ముందు చెప్పు."

"నువ్వే చెప్పు. చిన్నోనివి."

"రాణిని వాపస్ తీస్కొమ్మన్న. రాత్రే చెప్పిన. ఇగ మీ ఇంటిదే సర్పంచ్."

గజేందర్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఏమైంది? ఖుష్ కాలేదా?"

గజేందర్ ముద్ద మింగాడు. మెల్లగా అన్నాడు. "నేను పుష్పను వాపస్ తీస్కొమ్మన్న."

"ఎప్పుడు?"

"రాత్రి. మెట్ల మీద కూసొని."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరికీ ఒకే పేరు గుర్తొచ్చింది. పైకి అన్నది ముత్యం.

"శేషాచలం."

ఇద్దరూ తప్పుకుంటే బరిలో మిగిలేది చిన్నవ్వ ఒక్కతే. ఓటింగే ఉండదు. ఏకగ్రీవం. శేషాచలం పూలదండ వేయించుకుని మళ్లీ ఐదేళ్లు కుర్చీ ఎక్కుతాడు. అతనికి ఆ కుర్చీని పళ్లెంలో పెట్టి ఇచ్చింది ఖతర్‌లో ఉన్న తామిద్దరే.

"టైమెంతయింది?"

"ఇక్కడ పన్నెండు దాటింది."

"ఊర్లె మూడు కావస్తున్నది. జల్ది చెయ్ ఫోన్."

గజేందర్ పుష్పకు చేశాడు. రింగవుతోంది. ఎత్తలేదు. ముత్యం రాణికి చేశాడు. స్విచ్ ఆఫ్. మళ్లీ పుష్పకు చేశారు. ఈసారి రింగు కూడా లేదు. తెర మీద గుండ్రని గుర్తు తిరుగుతూ ఆగిపోయింది.

"ఇక్కడ నెట్ దొరకది. పైకి నడువ్," అని గజేందర్ లేచాడు.

ఇద్దరూ స్టాండ్ మెట్లెక్కి పరుగెత్తారు. హెల్మెట్ మర్చిపోయిన ముత్యాన్ని సేఫ్టీ సూపర్‌వైజర్ ఫసీయుద్దీన్ మధ్యలో ఆపాడు.

"అరే ముత్యం, ఖానే కే టైమ్ మే కిధర్ భాగ్తే?"

"సాబ్, గాఁవ్ మే ఎలక్షన్ హై."

"ఎలక్షన్ గాఁవ్ మే హై తో ఊపర్ క్యోఁ జారే?"

ఎలక్షన్ ఊళ్లో అయితే పైకెందుకని అడిగినందుకు ముత్యం ఫోన్ ఎత్తి చూపించాడు. ఫసీయుద్దీన్ తన హెల్మెట్ తీసి అతని నెత్తిన పెట్టి, "యల్లా, జల్దీ ఆనా," అని వదిలేశాడు.

పైన నెట్ వచ్చింది. ఫోన్ మాత్రం కలవలేదు. గజేందర్ ఫోన్‌లో బ్యాటరీ ఎర్రగా మెరిసి ఆరిపోయింది. ముత్యం ఫోన్‌లో నెట్ ప్యాక్ అయిపోయింది. అక్కడి నుంచే చూస్తే కింద ఏసోబు బస్సు కనిపించింది. ముందు సీట్లో కాళ్లు చాపుకుని నిద్రపోతున్నాడు.

దిగడం ఎక్కినదానికన్నా వేగంగా జరిగింది.

"ఏసోబన్నా, నీ ఫోన్ల ఇండియా బ్యాలెన్స్ ఉన్నదా?"

ఏసోబు ఉలిక్కిపడి లేచాడు. "ఉందండి. మా ఆవిడకని ఉంచాను. ఏమైంది, ఎవరికన్నా బాలేదా?"

"ఇద్దరం వాపస్ తీస్కొమ్మన్నం."

"ఇద్దరూనా?" ఏసోబు వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఒకళ్లకి తెలియకుండా ఒకళ్లు?"

"ఆఁ."

"ఎంత మంచివాళ్లండీ మీరు. ఇంత మంచితనంతో ఊరు ముంచేశారు." ఫోన్ చేతికిచ్చాడు.

గజేందర్ పుష్ప నంబరు నొక్కాడు. రింగు పోతూనే ఉంది. బస్సు గడియారంలో పన్నెండున్నర పడింది. అక్కడ మూడు.

ముత్యం బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. "అయిపోయింది బావా."

ఇంకో పావుగంట మళ్లీ మళ్లీ నొక్కితే అప్పుడు ఎత్తింది పుష్ప.

"ఎవలు?"

"నేనే, గజేందర్‌ను. వాపస్ తీస్కున్నవా?"

అటువైపు పెద్ద గోల. ఆడవాళ్ల మాటలు, నవ్వులు.

"గిప్పుడు జేస్తివా? ఆఫీసుల ఫోన్లు ముట్టనియ్యలే. ఇప్పుడే బయటికొచ్చినం."

"తీస్కున్నవా లేదా? ఆ ముచ్చట చెప్పు ముందుగాల."

"తెల్లారంగ రాణి వచ్చింది," అంది పుష్ప తొందరేమీ లేకుండా. "వదినే, మా ఆయన నన్ను వాపస్ తీస్కొమ్మన్నడు, అన్నకు చెప్పద్దన్నడు అన్నది. నేనన్న, మీ అన్న నన్ను తీస్కొమ్మన్నడు, నీ మొగనికి చెప్పద్దన్నడు అని. నవ్వి నవ్వి ఆకంత కింద పారవోసుకున్నం."

ఏసోబు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గజేందర్ స్పీకర్ నొక్కాడు.

"అక్కా, నేను ముత్యాన్ని. ఇంతకూ ఎవలు తీస్కున్నరు?"

"తమ్మీ, డమ్మీ అంటే ఎర్కేనా నీకు?"

"డమ్మీనా?"

"రాణి కాయితాల్ల ఏదన్న తప్పు జూపి శేషాచలం మనుషులు కొట్టేయిస్తే, మన ఇంట్ల నుంచి ఇంకొకలు ఉండాలె గద. అందుకే నేను వేసిన. నేను డమ్మీని. ఎక్కడైన జేసే పనే. ఊర్లె చిన్న పోరగాల్లకు గూడ తెలుసు. ఖతర్‌ల మీకే తెల్వలే."

గజేందర్ చెవులు వేడెక్కాయి. "మరి మాకెందుకు జెప్పలే?"

"నువ్వు అడిగినవా? ఫోన్ ఎత్తంగనే ఒర్లుడే. తర్వాత మీ లొల్లి శేషాచలం దాక వోయింది. ఇంట్ల ఇంట్లనే గొట్లాడుకుంటున్నరు, ఇగ నాకేంది అని ఆయన ఇల్లు కదల్లే. ఒక్క గడప ఎక్కలే. మీ కొట్లాట మస్తు పనికొచ్చింది. ఇంకొన్ని దినాలు కొట్లాడుండ్రి అని చెప్దామనుకున్నం."

ముత్యానికి నవ్వొచ్చింది. ఆపుకోలేదు. గుండెల మీద నుంచి బస్సు దిగిపోయినట్టుంది.

"సరే అక్కా, మంచిగైంది. ఇగ మేం జూసుకుంటం. శుక్రవారం ఇక్కడోళ్లందర్ని కూసోవెడతం. ఇండ్లకు ఫోన్ జేపిస్తం."

"పోయినసారి జేసినట్టా?"

"ఆఁ."

"పోయినసారి తిరుమల్‌కు వెయ్యిమన్నరు. ఎవలేసిన్రు? ఆయన పెండ్లాం గూడ వెయ్యలే."

గజేందర్ ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. "పుష్పా. నువ్వు ఒట్టువెట్టినవ్."

అటువైపు ఎవరో కిసుక్కుమన్నారు.

"అన్నం తిన్నవా?" అంది పుష్ప.

ముత్యం మెట్టు మీద నుంచే స్టేడియం కప్పు వైపు చూశాడు. గజేందర్ కూడా ఇంకేదో చూశాడు. ఇన్నేళ్లుగా ఎవరి ఇల్లు తప్పిందని ఒకరినొకరు అనుమానించుకున్నారో ఆ లెక్క అక్కడితో తెగిపోయింది. ఇద్దరి ఇళ్లూ తప్పాయి. ఎవరికీ కోపం రాలేదు.

"అయితే డమ్మీ వాపస్ తీస్కున్నది గద," ముత్యం తేరుకుని అడిగాడు. "రాణి, చిన్నవ్వ. ఇద్దరే కదా ఇప్పుడు?"

"చిన్నవ్వ తీస్కున్నది."

"ఏంది?"

"చిన్నవ్వ తీస్కున్నది అంటున్న. శేషాచలం ఇయ్యాల ఫ్లెక్సీలు తెద్దామని పట్నం వోయిండు. ఆమె నిమ్మలంగ నడుసుకుంట వచ్చింది. కుర్చీల ఆయన కూసుంటడు, సంతకం నాతోని వెట్టిస్తడు, రేపు పైసల లెక్క తప్పితే జైలుకు వొయ్యేది ఎవలు అన్నది. సారు ముంగట సంతకం వెట్టింది, బీడీల గంప వట్టుకొని ఇంటికి వోయింది."

గజేందర్ గట్టిగా నవ్వాడు. "అయితే ఇగ ఎలక్షనే లేదు. రాణి ఏకగ్రీవం. ముత్యం, నీ పెండ్లాం సర్పంచ్ రా."

"ఆగు," అంది పుష్ప.

ఆ 'ఆగు'లో ఏదో ఉంది. ఏసోబు కూడా ముందుకు వంగాడు.

"నేను తీస్కుందామనే లోపలికి వోయిన. బయట మన బీడీలోళ్లందరు కూసున్నరు. వాళ్లన్నరు, ఏకగ్రీవం జేస్తే మా ఓటు ఏమైతది అని. ఐదేండ్లకొక్కసారి వస్తది. ఆ ఒక్క రోజు మా మాట మాకుంటది. అది గూడ మీరిద్దరే ఇంట్ల కూసొని తీస్కపోతే శేషాచలానికి, మీకు ఫరక్ ఏంది అని. నాకు జవాబు రాలే. రాణికి గూడ రాలే."

"అయితే?"

"మూడు గొట్టింది."

ముత్యం లేచి నిలబడ్డాడు. "అంటే నువ్వు తీస్కోలే."

"తీస్కోలే. నేను ఇగ డమ్మీని గాను తమ్మీ. గుర్తులు గూడ ఇచ్చిన్రు. నాకు ఉంగరం, రాణికి కత్తెర. రేపటి సంది ఒక్కటే ఆటోల ప్రచారం. కిరాయి సగం సగం."

"ఒకే ఆటోలోనా?" ఏసోబు ఆగలేకపోయాడు. "మైకు ఎవరి దగ్గర ఉంటదండి?"

"ఎవల ఇంటి ముంగట ఆగితే వాళ్లు జెప్పినోళ్లకు. ఎవలు గాయన? మంచిగ అడిగిండు. రాణీ, ఇగో, నీ ఆయన."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. రాణి గొంతు వినబడింది. రాత్రి 'మంచిది' అన్న గొంతు కాదు. ఎండలో నిలబడి, చుట్టూ జనం ఉండగా మాట్లాడే గొంతు.

"ఇంటున్నవా?"

"ఇంటున్న."

"నీ పేరు ఇంకా ఈ ఊరి ఓటర్లల్ల ఉన్నది. కొట్టెయ్యలే. నువ్వు ఇక్కడుంటే ఎవలకు వేస్తుంటివి?"

ముత్యం పక్కకు చూశాడు. గజేందర్ నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. కానీ కళ్లు ముత్యం మీదే ఉన్నాయి.

"గిప్పుడెందుకు ఆ ముచ్చట? నేను రాను గద."

"రావు. అందుకే అడుగుతున్న. రాత్రి నన్ను తప్పుకొమ్మన్నవ్. అన్న మీద ప్రేమతోని, పావురంతోని అన్నవా, నేను జెయ్యలేనని అన్నవా? గది తెలిస్తేనే నేను రేపు గడప దాటుత."

"రాణీ, తర్వాత మాట్లాడుదం. ఏసోబన్న బ్యాలెన్స్..."

"ఫర్లేదండి," అన్నాడు ఏసోబు వెంటనే. "చాలా ఉంది."

"నేను గూడ స్పీకర్ వెట్టిన," అంది రాణి. "వదినె ఇంటున్నది. బయటున్నోళ్లందరు ఇంటున్నరు. చెప్పు."

అటువైపు గోల మెల్లగా సద్దుమణిగింది. ఎవరో ఎవరినో ఊరుకోమన్నారు.

ముత్యం నోరు తెరిచాడు.

గజేందర్ చెయ్యి చాపి ఫోన్‌ను అతని నోటికి ఇంకొంచెం దగ్గరగా జరిపాడు.

"చెప్పు బావా," అన్నాడు మెల్లగా. "నేను గూడ ఇంటున్న."